వలందావారి నీళ్ళు

ఊరు మారితే నీళ్ళు పడవంటారు పెద్దలు. అందుచేత నేను హాలెండు ప్రయాణం కట్టానని తెలిసిన రోజునే మా అమ్మ శొంఠిపొడి ఒక పొట్లం, వాము ఒక పొట్లం కట్టి నా పెట్టెలో అడుగున దాచింది. "అక్కడ ఏం తిన్నా తినకపోయినా, నీళ్ళు మాత్రం కాచి తాగు నాయనా" అని బస్సెక్కేదాకా చెబుతూనే ఉంది. నేను వెళుతున్నది మా అక్కయ్య కొడుకు దగ్గరికి. వాడు డెల్ఫ్ట్ అనే ఊళ్ళో, విశ్వవిద్యాలయంలో, తాగునీటి రసాయనం మీద పరిశోధన చేస్తున్నాడు. "లోకంలో ఇన్ని శాస్త్రాలుండగా మంచినీళ్ళ మీద చదువేమిట్రా!" అని వాణ్ణి చూసి మొదట్లో నవ్వినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇప్పుడు నవ్వను. ఎందుకు నవ్వనో చెప్పడానికే ఈ వ్యాసం.

హాలెండు మనకు బొత్తిగా కొత్తదేశమేమీ కాదు. మా తాతగారిది బందరు. అక్కడ వలందపాలెం అని ఒక పేట ఉంది. పదిహేడో శతాబ్దం మొదట్లో బట్టల వర్తకానికి ఓడలేసుకుని వచ్చిన డచ్చివారిని మనవాళ్ళు వలందావారన్నారు. వాళ్ళ సమాధులు ఈనాటికీ బందరులో ఉన్నాయి. నాలుగువందల ఏళ్ళ కిందట వాళ్ళు మన అద్దకపు గుడ్డలకోసం వచ్చారు. ఇన్నాళ్ళకు నేను వాళ్ళ నీళ్ళు తాగడానికి వెళ్ళాను.

దిగిన రోజు రాత్రి భోజనాల దగ్గర మావాడు వంటింటి కుళాయి తిప్పి, గ్లాసు నింపి నా ముందు పెట్టాడు.

"కాచావుట్రా?"

"అక్కర్లేదు మామయ్యా, తాగు."

అలవాటుకొద్దీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాసన లేదు. మన కుళాయి నీళ్ళలో వచ్చే బ్లీచింగు పౌడరు వాసన ఇసుమంతైనా లేదు. చల్లగా, తేటగా, నూతినీళ్ళలా ఉన్నాయి. ఆ మాటే అన్నాను.

"ఈ దేశంలో చాలాచోట్ల నీళ్ళలో క్లోరిన్ ఉంచరు మామయ్యా. ఆంస్టర్‌డాంలో 1983 నుంచీ లేదు. తరవాత ఒక్కొక్క ఊరే మానేసింది" అన్నాడు వాడు, పెరుగు గిన్నె అందిస్తూ.

గ్లాసు పట్టుకున్న నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ప్రయాణపు బడలిక అనుకున్నాడు మావాడు. బడలిక కాదు.

నేను చేసిన పని

మేముండేది ఇరవై వాటాల మేడ. చదువుకున్నవాడు, పైగా పదిమందిలో మాట్లాడగలవాడు అని చెప్పి నన్ను సంఘానికి కార్యదర్శిని చేశారు. మునిసిపాలిటీ నీళ్ళు రోజుకో గంట వస్తాయి. కింద తొట్టిలో పడతాయి. మోటారుతో పైట్యాంకుకు ఎక్కుతాయి. కాపలాదారు వారానికి రెండుసార్లు తొట్టిలో బ్లీచింగు పౌడరు కలిపేవాడు. కాఫీ ఆ వాసనేస్తోందని ఆడవాళ్ళు, జుట్టు రాలిపోతోందని కుర్రాళ్ళు నా దగ్గర మొరపెట్టుకునేవారు. ఇంతలో ఎవరో ఫోన్లో ఒక వార్త పంపారు: నీళ్ళలో క్లోరిన్ కలిపితే క్లోరోఫాం అనే విషం పుడుతుంది, దానివల్ల కాన్సరు వస్తుంది అని. చదివాను. విదేశాల శాస్త్రజ్ఞులు కనిపెట్టారని కూడా అందులో ఉంది. ఇక ఆలోచించలేదు. కాపలాదారుని పిలిచి, "రేపటినుంచి ఆ పొడి కలపకు" అన్నాను. అందరూ మెచ్చుకున్నారు. నాకూ ఏదో ఘనకార్యం చేసినట్టే ఉంది.

అది వేసవి. శ్రావణంలో వానలు పడ్డాయి. వీధిలో ఎక్కడో మురుగుకాలవ పక్కన గొట్టం పగిలిందన్నారు. భాద్రపదం వెళ్ళేసరికి మా మేడలో ఏడు వాటాల్లో పచ్చకామెర్లు. మా రెండో అమ్మాయి ఆరువారాలు మంచం దిగలేదు. అది కోలుకుంది. మూడో అంతస్తులో ఒకావిడ అప్పటికి ఏడోనెల గర్భిణి. ఆవిడ ప్రాణం దక్కింది, బిడ్డ దక్కలేదు.

నన్నెవరూ ఒక్కమాట అనలేదు. అన్నా బాగుండేది. మర్నాడే మళ్ళీ క్లోరిన్ కలిపించాను. కాని ఆ వార్తలో చెప్పింది అబద్ధమా, నిజమా? అబద్ధమైతే నేను మూర్ఖుణ్ణి. నిజమైతే ఇప్పుడు ఇరవై కుటుంబాలకు విషం పోయిస్తున్నవాణ్ణి. ఈ ప్రశ్న గుండెలో పెట్టుకునే విమానం ఎక్కాను. తీరా వస్తే, ఇక్కడివాళ్ళు క్లోరిన్ లేకుండానే హాయిగా తాగుతున్నారు!

గుడ్డలకొట్టు ఆసామి

మర్నాడు డెల్ఫ్ట్ చూడటానికి బయల్దేరాం. చిన్న ఊరు. వీధికో కాలవ, కాలవకో వంతెన, వంతెన నిండా సైకిళ్ళు. ఇళ్ళు ఇటుకతో కట్టినవి, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకున్నట్టుంటాయి. నీలంరంగు బొమ్మలేసిన పింగాణీ గిన్నెలకు ఈ ఊరు ప్రసిద్ధి. పాత చర్చి గోపురం కాలవమీదికి ఒరిగి ఉంటుంది. చూస్తే గుండె ఝల్లుమంటుంది. వందల ఏళ్ళుగా అది అట్లాగే ఒరిగి ఉందట.

ఆ చర్చిలోనే మావాడు నన్నొక సమాధి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆంటోనీ లీవెన్‌హుక్ అనే ఆయనది. 1632లో ఈ ఊళ్ళోనే పుట్టి, తొంభై ఏళ్ళు బతికి, 1723లో ఈ ఊళ్ళోనే పోయాడు. ఆయన వృత్తి గుడ్డల వర్తకం. లాటిన్ రాదు, అప్పట్లో లాటిన్ రానివాడు పండితుడే కాదు. కాని తన చేత్తో తానే చిన్న చిన్న అద్దాలు సానపట్టుకుని, వాటిలోంచి కనబడిన ప్రతిదాన్నీ చూసేవాడు. 1674లో దగ్గరున్న ఒక చెరువునుంచి నీళ్ళు తెచ్చి అద్దం కింద పెట్టాడు. ఆ చుక్కలో ప్రాణులు! తిరుగుతున్నవి, ఈదుతున్నవి. చూసింది చూసినట్టు తన డచ్చి భాషలోనే లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరాలు రాశాడు. తెలుగు చెప్పుకు బతికేవాణ్ణి కదా, మాతృభాషలో రాశాడన్న మాట విని, ఆయన సమాధికి ఇంకో నమస్కారం పెట్టాను.

ఆ ప్రాణుల్లో కొన్ని మనిషిని చంపుతాయని తెలియడానికి మరో రెండువందల ఏళ్ళు పట్టింది. 1884లో రాబర్ట్ కాఖ్ మన కలకత్తాలో ఉండి కలరా క్రిమిని గుర్తించాడు. 1892లో జర్మనీలో హాంబర్గ్ నగరంలో కలరా వచ్చి ఎనిమిదివేల పైచిలుకు జనం చచ్చిపోయారు. దాని పక్కనే, ఒక వీధి అవతల, ఆల్టోనా అనే ఊరు ఉంది. అదే నది నీళ్ళు తాగే ఊరు. కాని వాళ్ళు ఇసకలో వడగట్టుకుని తాగేవారు, చాలావరకు బయటపడ్డారు. తరవాత కొన్నేళ్ళకే నీళ్ళలో క్లోరిన్ కలపడం వచ్చింది. 1908లో అమెరికాలో జెర్సీ నగరం నీళ్ళకు రోజూ కలపడం మొదలుపెట్టారు. టైఫాయిడు, కలరా తగ్గుముఖం పట్టాయి. అంతమంది ప్రాణాలు కాపాడిన పొడిని చవకగా చూశానే అని, ఆ చర్చిలో బల్లమీద కూర్చుని, మేడ కథంతా మావాడికి చెప్పాను. కామెర్ల సంగతి వాడికి తెలుసు. పొడి మానిపించింది నేనని తెలియదు.

వాడు వెంటనే ఓదార్చలేదు. కాసేపు ఊరుకుని, "రేపు మా ప్రయోగశాలకు రా మామయ్యా. ఆ వార్తలో నిజమెంతో నీ కళ్ళతోనే చూద్దువుగాని" అన్నాడు.

గణవిభజన యంత్రం

ప్రయోగశాలలో ఆ యంత్రం బీరువా అంత ఉంది. సన్నగా గుయ్‌మని రొద చేస్తోంది. లోపల గాలి లేకుండా పీల్చే పంపు రొద అది. పేరు మాస్ స్పెక్ట్రోమీటరు. అణువులను తూచే తక్కెడ అనుకోండి.

మావాడు రెండు సీసాలు చూపించాడు. రెండింటిలోనూ ఊరి కాలవ నీళ్ళే. ఒకదానిలో మాత్రం ముందురోజు రవంత క్లోరిన్ కలిపి ఉంచాడు. చూపుకు తేడా లేదు. నీళ్ళలోంచి సన్నగా గాలిబుడగలు పంపితే, తేలిగ్గా ఆవిరయ్యే పదార్థాలు గాలితో కొట్టుకువస్తాయి. వాటిని పట్టుకుని, చుట్టలు చుట్టిన, వెంట్రుకంత సందున్న పొడుగాటి గొట్టంలోకి తోస్తారు. ఆ గొట్టంలో ఒక్కొక్క పదార్థం ఒక్కొక్క నడక నడుస్తుంది. ఒకటి ముందు, ఒకటి వెనక, విడివిడిగా అవతలికొస్తాయి. వచ్చినదాన్ని వచ్చినట్టే ఎలక్ట్రానుల ధారతో కొడతారు. అణువు విద్యుత్తు పూసుకుని ముక్కలవుతుంది. ఆ ముక్కల్ని విద్యుత్ క్షేత్రంలో పరుగెత్తించి, మన ఇళ్ళల్లో చేటతో చెరిగినట్టు, తేలికవీ బరువువీ వేరుచేసి లెక్కపెడతారు.

"ముక్కలు చేస్తే మొదటిదేమిటో ఎట్లా తెలుస్తుందిరా?" అన్నాను.

"నువ్వు పద్యాన్ని ఏం చేస్తావు మామయ్యా? గణాలుగా విరిచి, గురువులు లఘువులు లెక్కపెట్టి, ఇది ఉత్పలమాల, ఇది చంపకమాల అంటావు గదా. ఇదీ అంతే."

తెరమీద మూడు గీతలు లేచాయి. 83 దగ్గర పొడుగుది, 85 దగ్గర కొంచెం పొట్టిది, 87 దగ్గర చిన్న మొలక. "ఇదే క్లోరోఫాం. ఒక కార్బన్, ఒక హైడ్రోజన్, మూడు క్లోరిన్లు. దెబ్బ తగలగానే ఒక క్లోరిన్ ఊడిపోయింది. మిగిలిన ముక్క ఇది" అన్నాడు.

"ఒకే ముక్కకు మూడు బరువులేమిటి?"

"క్లోరిన్ రెండు రకాలు. 35 బరువుది, 37 బరువుది. లోకంలో ఎక్కడ చూసినా నాలుగింట మూడు మొదటి రకం, ఒకటి రెండో రకం. ఇంగ్లండులో ఆస్టన్ అనే ఆయన ఇట్లాంటి యంత్రంతోనే ఈ సంగతి తేల్చాడు. 1922లో నోబెల్ బహుమానం ఇచ్చారు. ఇక లెక్క నువ్వే కట్టు."

కాగితం తీసుకున్నాను. ఛందస్సులో ప్రస్తారం వేసినట్టే ఉంది. రెండు స్థానాలు. రెండింటిలోనూ 35 పడితే, కార్బన్ పన్నెండు, హైడ్రోజన్ ఒకటి కలిపి 83. అట్లా పడేది మూడుమూళ్ళు తొమ్మిదిసార్లు. ఒకటి ఇదీ ఒకటి అదీ పడితే 85. మూడూ మూడూ ఆరుసార్లు. రెండూ 37 అయితే 87, ఒక్కసారి. తొమ్మిది, ఆరు, ఒకటి. తలెత్తి తెర చూశాను. గీతల పొడుగులు సరిగ్గా తొమ్మిది, ఆరు, ఒకటి పాళ్ళలో ఉన్నాయి! ఇరవై ఏళ్ళుగా పిల్లలకు ప్రస్తారం చెబుతున్నాను. అది నీళ్ళలో విషాన్ని పట్టిస్తుందని కలలో కూడా అనుకోలేదు.

రెండో సీసా నీళ్ళు పెట్టాడు. క్లోరిన్ కలపనివి. ఆ చోట గీతలు లేవు.

అంటే ఫోన్లో వచ్చిన వార్త నిజమే. నా ముఖం చూసి మావాడు, "తొందరపడకు మామయ్యా. నిజమే, కాని సగం" అన్నాడు.

రోక్ గారి అనుమానం

ఆ సగం ఎక్కడ కనిపెట్టారో చూపిస్తానని మూడోరోజు రాటర్‌డాం తీసుకెళ్ళాడు. రైల్లో పావుగంట. 1940 మే 14న జర్మన్ విమానాలు బాంబులేసి ఈ నగరం నడిబొడ్డును నేలమట్టం చేశాయి. అందుకే డెల్ఫ్ట్‌లా పాత ఇటుకల ఊరు కాదిది. అద్దాల మేడల ఊరు. నడుమ మాస్ నది. దానిమీద 1996లో కట్టిన ఎరాస్మస్ వంతెన. ఒంటి స్తంభం మెడ వంచుకుని ఉంటుంది గనక ఊళ్ళోవాళ్ళు దాన్ని హంస అంటారు. వంతెన మీద నిలబడితే కిందినుంచి పడవలు బారులుతీరి పోతూ ఉంటాయి. స్విట్జర్లండులో పుట్టిన రైను నది జర్మనీ అంతా తిరిగి, ఫ్యాక్టరీల కల్మషమంతా మోసుకుని, ఈ దేశంలోనే పాయలై సముద్రంలో కలుస్తుంది. కాశీకి ఎగువ ఊళ్ళన్నీ చేసిన పాపం దిగువవాడు తాగాలన్నట్టుండేది 1960లలో వీళ్ళ పరిస్థితి.

ఊరికి దక్షిణాన పాత మాస్ పాయ ఒడ్డున బేరెన్‌ప్లాట్ నీటికర్మాగారం ఉంది. విం క్విస్ట్ అనే శిల్పి గీసిన కట్టడం; తెల్లగా, గంభీరంగా, కోటలాగుంది. కంచె ఇవతలినుంచే చూశాం.

రాటర్‌డాం నీటి సరఫరాలో యోహానెస్ రోక్ అని ఒక రసాయనజ్ఞుడుండేవాడు. సీసాలో ద్రవం మీద నిలిచే గాలిని పట్టి పరీక్షించే పద్ధతి ఒకటుంది. చదువరులు క్షమించాలి, అది బీరు వాసనలు తేల్చడానికి వాడే పద్ధతి. రోక్ దాన్ని మంచినీళ్ళకు పట్టించాడు. గీతలు చాలా వచ్చాయి. ఫ్యాక్టరీల మురికి నది గనక క్లోరోఫాం ఉంటే వింతేముంది, ఎవరో పైన పారబోసి ఉంటారు అనుకోవచ్చు. కాని నదినీళ్ళలోకంటె శుద్ధిచేసిన నీళ్ళలోనే అది ఎక్కువుంది! క్లోరిన్ కలిపాకనే పుడుతోంది. ఏ ఫ్యాక్టరీ చేసిన పాపమూ కాదు; శుద్ధి చేసేచోటనే పుడుతోంది.

ఎట్లా? ఆకులూ అలమలూ నేలలో కుళ్ళి, నీళ్ళకు టీ డికాక్షన్ రంగు ఇస్తాయి చూడండి, ఆ పదార్థాలున్నాయి. వాటిని హ్యూమిక్ పదార్థాలంటారు. క్లోరిన్ క్రిములను చంపుతుంది. చంపుతూ చంపుతూ ఈ ఆకుకషాయాన్ని కూడా కొరుకుతుంది. ఆ కొరికిన తునకలే క్లోరోఫాం వగైరా. నీళ్ళలో కాస్త బ్రోమైడు ఉప్పుంటే క్లోరిన్ బదులు బ్రోమిన్ ఎక్కిన దాని తోబుట్టువులు మరో మూడు పుడతాయి. ఈ సంగతి రోక్ 1974లో ప్రకటించాడు. అదే ఏడు అమెరికాలో సిన్సినాటి నగరంలో బెల్లార్, లిక్టెన్‌బర్గ్, క్రోనర్ అనే ముగ్గురు విడిగా ఇదే తేల్చారు.

నేను వేళ్ళమీద లెక్కపెట్టాను. లీవెన్‌హుక్ నీటిచుక్కలో ప్రాణులు చూసింది 1674. రోక్ అదే నీళ్ళలో, ప్రాణుల్ని చంపే మందు కన్న విషాన్ని చూసింది 1974. సరిగ్గా మూడువందల ఏళ్ళు. రెండుచోట్లకూ మధ్య దూరం, మా కాలేజీనుంచి పక్కవూరి దాకా ఉన్నంత.

ఆ తరవాత లోకం ఊరుకోలేదు. 1975లో అమెరికాలో ఎనభై ఊళ్ళ నీళ్ళు పరీక్షించారు. క్లోరిన్ కలిపిన ప్రతిచోటా ఇవి కనబడ్డాయి. 1976లో ఎలుకల మీద, చుంచుల మీద క్లోరోఫాం కాన్సరు పుట్టిస్తుందని తేలింది. 1979లో ఈ నాలుగూ కలిపి లీటరుకు 100 మైక్రోగ్రాములు మించరాదని అమెరికా హద్దు పెట్టింది. తరవాత దాన్ని 80 చేసింది. 100 మైక్రోగ్రాములంటే పదివేల లీటర్ల ట్యాంకరులో ఒక గ్రాము. మన దేశపు ప్రమాణంలో ఒక్క క్లోరోఫాం లీటరుకు 200 మైక్రోగ్రాములు మించకూడదు, అంటే ఆ ట్యాంకరులో రెండు గ్రాములు. ఇవి జీవితమంతా రోజూ తాగితే అన్న లెక్కన వేసిన హద్దులు.

"మరి క్రిములకు హద్దు ఎంతరా?" అన్నాను.

"ఒక్క ట్యాంకరు అక్కర్లేదు మామయ్యా. ఒక్క గ్లాసు చాలు. ఒక్కరోజు చాలు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ క్లోరోఫాంకు భయపడి క్రిమిసంహారం మాత్రం ఎన్నడూ సడలించవద్దని రాసింది. ఫోన్లో పంపినవాళ్ళు ఆ వాక్యం పంపలేదు."

మునిగిన ఊళ్ళమీద చెరువులు

అయితే వీళ్ళు ఎట్లా మానగలిగారు? అది చూడటానికి డోర్ట్‌రెక్ట్ దాటి బీస్బాస్ అనే చోటికి వెళ్ళాం. 1421లో నవంబరు నెల తుపానుకు సముద్రం గట్టుతెంచుకుని ఈ ప్రాంతం ఊళ్ళను ముంచింది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరులో కదా. బందరు కుటుంబంలో పుట్టినవాడికి ఆ మాట వినగానే వేరే వర్ణన అక్కర్లేదు. మునిగినచోట ఇప్పుడు పాయలు, రెల్లు, విల్లో చెట్లు, లెక్కలేనన్ని పక్షులు. 1988లో నీటికుక్కల్లాంటి బీవర్లను తెచ్చి వదిలితే అవి కాపురాలు పెట్టుకున్నాయి. ఆ పచ్చదనం నడుమ మూడు పెద్ద చెరువులు తవ్వారు. మాస్ నది నీళ్ళు ముందు ఇక్కడికి వస్తాయి. నదిలో ఏదైనా కల్మషం వచ్చిందని తెలిస్తే తూము మూసేస్తారు; చెరువులో నిలవున్న నీళ్ళతో గడుపుకుంటారు. నెలలతరబడి నిలబడి, మట్టి దిగి, ఎండ తగిలి, క్రిములు చాలావరకు చచ్చిన నీళ్ళు బేరెన్‌ప్లాట్ వెళతాయి. అక్కడ తేర్చి, వడగడతారు; బొగ్గులోంచి పంపుతారు, అతినీలలోహిత కిరణాలు కూడా పట్టిస్తారు. ఒకప్పుడు క్లోరిన్ చేసిన పని ఇప్పుడా వెలుగు చేస్తోంది.

గట్టుమీద గడ్డిలో కూర్చుని, పులిహోర డబ్బా విప్పుకుంటూ అడిగాను: "మనమూ వెలుగు పట్టించి ఊరుకోవచ్చు గదా?"

"కర్మాగారం దాకా వెలుగు చాలు. తరవాత గొట్టాల మాటేమిటి? ఇక్కడ గొట్టంలో రాత్రింబగళ్ళు నీళ్ళు నిండుగా, ఒత్తిడితో ఉంటాయి. చిల్లు పడితే నీళ్ళు బయటికి చిమ్ముతాయిగాని మురుగు లోపలికి రాదు. కారిపోయేది నూటికి అయిదు పాళ్ళ ప్రాంతం. మన వీధిలో గొట్టం గంటసేపు నిండి, ఇరవైమూడు గంటలు ఖాళీగా ఉంటుంది. ఖాళీ గొట్టం ఊరుకోదు మామయ్యా, పక్కనున్నది పీల్చుకుంటుంది. అందుకని నీళ్ళవెంట ఇంటిదాకా వచ్చే కాపలాదారు ఒకడుండాలి. వాడే క్లోరిన్. ఇక్కడివాళ్ళు కోట కట్టుకుని కాపలా మానిపించారు. నువ్వు కోట లేకుండా మానిపించావు."

తినే ముద్ద గొంతులో ఆగింది. అయినా అడగవలసింది అడిగాను. "ఒరేయ్, నిజం చెప్పు. నేను మానిపించకపోతే ఆ బిడ్డ బతికేదా?"

వాడు చెరువు వంక చాలాసేపు చూశాడు. "ఆ నీళ్ళు అప్పుడెవరూ పరీక్షించలేదు. అవునని చెప్పలేను, కాదనీ చెప్పలేను. నిన్ను ఓదార్చడానికి కాదంటే నా చదువు దండగ."

ఆ జవాబుకు నాకు కోపం రాలేదు. ఇన్నాళ్ళకు ఒకడు నాతో సరిగ్గా మాట్లాడాడనిపించింది.

తిరిగివచ్చేటప్పుడు రైల్లో మరో విషయం చెప్పాడు. రోక్ నాటినుంచి ఈ తక్కెడలు పెరిగి పెరిగి, క్రిమిసంహారం వల్ల పుట్టే పదార్థాలను ఆరువందలకు పైగా పేరుపెట్టి పట్టుకున్నాయట. క్లోరోఫాం తగ్గుతుందని అమెరికాలో చాలా ఊళ్ళు క్లోరిన్‌కు అమ్మోనియా జోడించి క్లోరమిన్ వాడతాయి. ఆ నీళ్ళలో ఏదో ఊరూపేరూ లేని పదార్థం ఉందని 1980లలోనే కనబడింది. అదేమిటో నలభై ఏళ్ళు ఎవరికీ చిక్కలేదు. 2024 నవంబరులో అమెరికా, స్విట్జర్లండు శాస్త్రజ్ఞులు కలిసి, అణువు బరువును దశాంశాల దాకా తూచే యంత్రం సాయంతో దాన్ని పట్టుకుని క్లోరోనైట్రమైడ్ అని పేరుపెట్టారు. అది మంచిదో చెడ్డదో ఇంకా పరీక్షించవలసే ఉంది. ఒకటి మాని ఒకటి పట్టితే, పట్టినదాన్నీ తూచి చూడాలన్నమాట. నేను తూచకుండా మానాను.

ఇంటికొచ్చాక

వచ్చిన వారంలోనే సంఘం సమావేశం పెట్టించాను. జరిగింది నా నోటితోనే చెప్పాను. చెప్పేటప్పుడు గొంతు వణికింది, దాచను. తరవాత నేర్చుకున్నది చెప్పాను. క్లోరిన్ మానవద్దు, దానికి తిండి పెట్టవద్దు. తొట్టిలో ఆకులు, పాచి, బురద ఉంచి పైన పొడి కుమ్మరిస్తే, మందంతా ఆ బురదకే ఖర్చయి క్లోరోఫాం పెరుగుతుంది, క్రిములు మిగులుతాయి. ముందు కడగాలి, తరవాత కలపాలి. మన అమ్మమ్మలు బానలో చిల్లగింజ అరగదీసి, పటిక తిప్పి, నీళ్ళు తేరిన తరవాతే వాడుకునేవారు. ఆ వరసే సరైన వరస. కొలిచి కలిపి, అరగంట ఆగాలి. కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా క్లోరిన్ మిగిలి ఉండాలి. వాసన గిట్టనివాళ్ళు తాగేనీళ్ళు మూతతీసిన గిన్నెలో మరగనిస్తే వాసనతోబాటు క్లోరోఫాం కూడా చాలావరకు ఆవిరైపోతుంది. మా అమ్మ చెప్పిన కాచి తాగే పద్ధతి రెండు శత్రువులకూ పనికొస్తుందన్నమాట.

క్లోరిన్ పరీక్షించే చిన్న పెట్టె ఒకటి కొన్నాను. గాజుగొట్టంలో నీళ్ళుపట్టి మందుచుక్కలు వేస్తే, క్లోరిన్ ఉన్నంత మేరకు పసుపురంగు తేలుతుంది. రోజూ పొద్దున్నే, కాలేజీకి పోయేముందు, ఐదు అంతస్తుల్లోనూ ఒక్కొక్క కుళాయి దగ్గర పరీక్షచేసి పుస్తకంలో రాస్తున్నాను. మూడో అంతస్తుకు వెళ్ళడానికి మొదట్లో కాళ్ళాడేవి కావు. తలుపు ఆవిడే తీసింది. మాట్లాడకుండా పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. నేనూ మాట్లాడలేదు, పరీక్ష చేసుకుని వచ్చేశాను. నెలరోజులు అట్లాగే జరిగింది.

మొన్న తొలి వాన పడింది. వీధి గొట్టం దగ్గర మళ్ళీ తవ్వుతున్నారని తెలిసి ఆరోజు సాయంత్రం కూడా పరీక్షకు వెళ్ళాను. గాజుగొట్టం వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తుంటే, ఆవిడ వంటింటి గడప దగ్గర నిలబడి అడిగింది:

"రంగు వచ్చిందా మాస్టారూ?"

"వచ్చిందమ్మా" అన్నాను.

బిందె తెచ్చి కుళాయి కింద పెట్టుకుంది.